నన్ను సుద్దపొడి చేసిన దొంగ

జనవరి 21, ఆదివారం

నెరిస్సా ఈ ఏడు మా ట్రినిడాడ్ వేషాల పండుగ కార్నివాల్‌లో గజదొంగ వేషం కడుతుందట. నా కూతురి కూతురు. నా ఇంట్లో, నా పక్క గదిలో పడుకుంటుంది. కబురు మాత్రం నాకు చర్చిలో అందింది. పక్కింటి ఫిలొమినా ప్రార్థన పుస్తకం నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది.

"కొలతలు నేనే తీసుకున్నాను యూలాలీ. వీపు మీద వేసుకునే నల్ల వస్త్రానికి అయిదు గజాలు పట్టింది. నీకు చెప్పనని ఒట్టు వేయించుకుంది."

"మరి చెబుతున్నావేం?"

"చర్చిలో అబద్ధం ఆడలేను కదా."

"నేను నిన్నేమీ అడగలేదు."

"అడుగుతావేమోనని."

ఇరవై రెండేళ్ళ పిల్ల. మందుల షాపులో తెల్లకోటు వేసుకుని పదిమందికీ మర్యాదగా సమాధానం చెప్పే ఉద్యోగం. అలాంటిది నెత్తిన గొడుగంత టోపీ, నోట్లో ఈల, చేతిలో శవపేటిక ఆకారం పెట్టె పట్టుకుని, దారినపోయేవాళ్ళను ఆపి కోతలు కోస్తుందట. ఆ కోతలు భరించలేక జనం పెట్టెలో డబ్బు వేసి తప్పించుకోవాలట. నేను ఏ దొంగ పెట్టెలోనూ ఇంతవరకూ ఒక్క సెంటు వేయలేదు. నా లెక్కల పుస్తకం చూస్తే తెలుస్తుంది.

మధ్యాహ్నం భోజనం దగ్గర అడిగేశాను.

"తాత టోపీ తెస్తాను అమ్మమ్మా," అంది నెరిస్సా, పళ్ళెంలోంచి తల ఎత్తకుండా.

పెలావ్‌లో ఉప్పు తక్కువైందన్నాను. తక్కువ కాలేదు.

జనవరి 22, సోమవారం

ఇప్పటి పిల్లలు తలో రకంగా చెబుతున్నారు కనుక మా వీధి నియమం ఇక్కడ రాసి ఉంచుతున్నాను. బ్రెడ్డు బట్టీ ఉన్న మూలమీద ఇద్దరు గజదొంగలు ఎదురుపడితే ఒకరు ఈల వేయాలి, రెండోవాళ్ళు జవాబివ్వాలి. తర్వాత వంతులవారీగా కోతలు. ముందు సొంత ఇంట్లోవాళ్ళను మాటలతో మట్టుబెట్టాలి, ఆ తర్వాతే ఊరి మీద పడాలి. అన్న మాటే మళ్ళీ అన్నవాడు ఓడినట్టు. ఎదుటివాడు మూడు ఈలలు వేసేలోపు నోరు పెగలనివాడూ ఓడినట్టే. ఓడినవాడు టోపీ తీసి నేలమీద పెడతాడు, గెలిచినవాడు తీసుకుపోతాడు. ఆ ఇంటివాళ్ళెవరైనా మళ్ళీ గెలిస్తే తప్ప అది తిరిగి రాదు.

నాలుగు కార్నివాల్‌ల కింద నా భర్త కాన్‌రాడ్ టోపీ నేలమీద పెట్టాడు. గార్నెట్ తీసుకుపోయాడు. నా దగ్గర అక్షరాలు దిద్దిన గార్నెట్. తన సెలూన్‌లో అద్దం పైన తగిలించాడు. ఆ అక్టోబరులో కాన్‌రాడ్ పోయాడు. ముప్పై ఏళ్ళు పెట్టుకున్న టోపీ లేకుండా వెళ్ళాడు.

కాన్‌రాడ్ ఆ రోజు మాట మరిచిపోలేదు. దగ్గు వచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

సెలూన్ నేను చర్చికి వెళ్ళే దారిలోనే ఉంది. ఆ కిటికీ వైపు నేను చూడను. టోపీకి ఎడమ పక్క మూడు కుచ్చులు ఊడిపోయాయి. ఎవరూ దుమ్ము దులపడం లేదు.

జనవరి 25, గురువారం

స్నానాలగదిలో నీళ్ళు వదిలి సాధన చేస్తోంది. వాళ్ళ తాతా అంతే. నీళ్ళ చప్పుడుకు నాకు వినపడదని ఇద్దరి నమ్మకం.

"ఆగండి, దుమ్ముకు పుట్టిన దద్దమ్మలారా. నేను పుట్టిన పూట సముద్రం భయపడి మూడు మైళ్ళు వెనక్కి జరిగింది. మంత్రసాని పారిపోతూ పారిపోతూ తన నీడను మా ఇంట్లో మరిచిపోయింది."

కాన్‌రాడ్ మాటలే. ఒక్క వాక్యానికైనా ఆధారం లేదు. వేషం సంగతి నాకు అనవసరం, కానీ నా ఇంట్లోంచి బయటకు వెళ్ళే భాష నా బాధ్యత. భాష మాత్రం దిద్దుతాను.

జనవరి 27, శనివారం

దిద్దడం పూర్తయింది.

"సముద్రం మూడు మైళ్ళు వెనక్కి జరిగితే ఓడరేవులో ఓడలు ఏమయ్యాయి?" అని అడిగాను.

"అది దొంగ మాట అమ్మమ్మా."

"దొంగైతే మాత్రం? విన్నవాళ్ళు నమ్మేట్టు ఉండాలి."

"నమ్మితే ఇంకేం దొంగ?"

ఇప్పుడు ఇలా ఉంది: "నేను పుట్టిన రోజున సముద్రం గమనించదగినంతగా వెనక్కి తగ్గింది. మంత్రసాని త్వరత్వరగా వెళ్ళిపోయింది." నిజాయితీగా, క్లుప్తంగా ఉంది. నెరిస్సా రెండుసార్లు చదివి కాగితం మడిచి పెట్టుకుంది. బాగా నచ్చినట్టుంది.

ఫిబ్రవరి 3, శనివారం

ఉక్కు డ్రమ్ములు వాయించేవాళ్ళ పెరట్లో ఈ సాయంత్రం వేషగాళ్ళందరూ ఒకసారి గొంతు సరిచూసుకున్నారు. నేను వెళ్ళింది ఫిలొమినా ఒక్కతే నడవలేదని. ఫిలొమినా నాకంటే వేగంగా నడిచింది.

నెరిస్సా నిలబడింది. ఈల వేసింది. బాగానే వేసింది. సముద్రం గమనించదగినంతగా వెనక్కి తగ్గిందని చెప్పింది. పెరడంతా నిశ్శబ్దమైపోయింది. నేను దాన్ని శ్రద్ధ అనుకున్నాను.

వెనక నుంచి గార్నెట్ లేచాడు. యాభై దాటినవాడు, పొట్ట ముందు నడిస్తే తాను వెనక నడుస్తాడు.

"టీచర్ గారూ, తప్పుగా అనుకోకండి. మీ మనవరాలు దోచుకోవడానికి వచ్చిందా, సన్మానపత్రం చదవడానికి వచ్చిందా?"

నవ్వులు. ఒకతను కుర్చీలోంచి జారిపోయాడు. నేను చూశాను, నా దగ్గర రెండేళ్ళు ఒకే తరగతిలో కూర్చున్నవాడు.

గార్నెట్ నెరిస్సా చుట్టూ తిరిగాడు. "చూడు పిల్లా. అమ్మను చంపావు, సరే. నాన్నను చంపావు, సరే. మేనమామను రెండుసార్లు చంపావు, పోనీలే పాపం, లావుపాటి మనిషి. మరి అమ్మమ్మేదీ?"

నెరిస్సా తల వంచి బూట్ల లేసు చూసుకుంది.

"ఊరంతా దోస్తావు గానీ ఇంట్లో ముసలావిడ పేరెత్తాలంటే వణుకు. మీ తాతా సరిగ్గా అక్కడే ఆగాడు. మీ ఇంటి దొంగలందరికీ గుమ్మం దగ్గరే పోలీస్ స్టేషన్ ఉంది."

దారి పొడుగునా ఫిలొమినా నవ్వు ఆపుకుంటూనే ఉంది. కాన్‌రాడ్‌ది దగ్గు అని నేను ఎన్నిసార్లు చెప్పాలి?

ఫిబ్రవరి 4, ఆదివారం

చర్చి నుంచి తిరిగి వస్తూ సెలూన్ ఉన్న వైపే నడిచాను. కిటికీ దగ్గర ఆగి చూశాను. గార్నెట్ చెయ్యి ఊపాడు. నేను ఊపలేదు.

ఫిబ్రవరి 5, సోమవారం

నా దిద్దుబాట్లన్నీ కొట్టేశాను.

నెరిస్సాను బల్ల దగ్గర కూర్చోబెట్టి కాన్‌రాడ్ కోతలు మొదటినుంచీ చెప్పాను. ఎక్కడా ఆగలేదు. ఎక్కడ ఊపిరి పీల్చాలో, ఎక్కడ వస్త్రం విదిలించాలో, ఎక్కడ ఒక అడుగు వెనక్కి వేసి మళ్ళీ మీద పడాలో అంతా వచ్చింది. నాకు ఇదంతా వచ్చని నాకే తెలియదు. స్నానాలగది తలుపు పల్చన.

నెరిస్సా నోరు తెరుచుకుని చూసింది. "అమ్మమ్మా, నువ్వే వేషం కట్టొచ్చు."

"పిచ్చి మాటలు. రాసుకో. మూడు మైళ్ళు చాలవు. ఏడు."

"ఓడరేవులో ఓడలు?"

"ఓడలు బురదలో బోర్లాపడి ఏడ్చాయి. రాసుకో."

వంట మరిచిపోయాను. ఉప్పు చేప, రొట్టె తిని పడుకున్నాం. చాలా సంవత్సరాల తర్వాత ఆకలి సంగతి గుర్తులేని పూట.

ఫిబ్రవరి 8, గురువారం

ఈ నాలుగు రోజులుగా పిల్ల గొంతు బలపడింది. వంటింట్లో గిన్నెలు అదురుతున్నాయి. ఎదురింటి కుక్క మా గేటు దగ్గరికి రావడం మానేసింది. ఒక్కటే లోటు. ఇంట్లోవాళ్ళ వరస నా దగ్గరికి రాగానే ఆగిపోతుంది.

"నన్ను చంపు," అన్నాను.

"నావల్ల కాదు."

"ఎందుకు కాదు? పెద్ద పనేం కాదు. కాస్త ఊహ కావాలి, అంతే."

నెరిస్సా కళ్ళు మూసుకుంది. "మా అమ్మమ్మను... కల్లాలూ ఆకుకూర కుండలో వేసి ఉడికించాను."

"ఎవరినైనా ఉడికించొచ్చు. ఫిలొమినాను ఉడికించు. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పిన మనిషిని కూరాకులా ఉడికిస్తే ఎవరు భయపడతారు? మళ్ళీ చెప్పు. పూర్తి వాక్యంలో."

"చూశావా? నిన్ను చంపుతుంటే కూడా మార్కులు వేస్తున్నావు."

"పదికి నాలుగు."

కాగితం బల్లమీద పడేసి లేచింది. గుమ్మం దగ్గర నిలబడి, నా వైపు తిరగకుండా అంది: "గార్నెట్‌కు నేను భయపడను. వీధి మొత్తానికీ భయపడను. కానీ నువ్వు కళ్ళజోడు లోంచి అలా చూస్తావు చూడు... నాకు ఆరేళ్ళు వచ్చేస్తాయి. బూట్ల లేసు ఊడిందేమోనని కిందికి చూసుకుంటాను. ఇక కోతలెక్కడివి?"

నేను ఎలా చూస్తానట? అద్దంలో చూసుకున్నాను. మామూలుగానే ఉంది.

ఫిబ్రవరి 10, శనివారం

ఫిలొమినా వేషం తెచ్చింది. నల్ల వస్త్రం అంచున వెండి పుర్రెలు, ఎర్ర కుచ్చులు. కొత్త టోపీ కూడా తనే అట్టతో కట్టింది. నెరిస్సా వేసుకుని తిరిగితే గదిలో దీపం చిన్నదైపోయింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. చోటు ఇవ్వడానికే.

పిల్ల లోపలికి వెళ్ళాక ఫిలొమినా సూది నోట్లో పెట్టుకునే మాట్లాడింది.

"నీతో ఒక మాట. కాన్‌రాడ్ ఆ రోజు దగ్గలేదు."

"దగ్గాడు."

"'మరి నీ పెళ్ళామో' అన్నాడు గార్నెట్. కాన్‌రాడ్ తల తిప్పి నిన్ను చూశాడు. నువ్వు ముందు వరసలో ఉన్నావు, తెల్ల టోపీ పెట్టుకుని, బ్యాగు రెండు చేతులతో పట్టుకుని. అంతే. నోరు తెరిచి మూసుకున్నాడు. మూడు ఈలలు అయిపోయాయి. దగ్గు అని ఇంటికి వచ్చాక నువ్వు చెప్పావు, ఆయన ఔనన్నాడు. నీ మాటకు ఆయన ఎప్పుడు కాదన్నాడు గనక?"

"దారం మరీ బిగించి లాగుతున్నావు, గుడ్డ ముడతలు పడుతోంది," అన్నాను.

ఫిబ్రవరి 11, ఆదివారం

దగ్గే.

ఫిబ్రవరి 12, సోమవారం

కార్నివాల్ మొదలైంది. తెల్లవారకముందే ఒంటికి బురద పూసుకున్నవాళ్ళు డబ్బాలు వాయించుకుంటూ వీధంతా లేపారు. రేపు మంగళవారం. దొంగలు ఎదురుపడేది రేపే. బ్యాగు సర్దాను: మంచినీళ్ళు, కొబ్బరి రొట్టె, కళ్ళజోడు డబ్బా, దగ్గు బిళ్ళలు. నేను వెళ్ళడం లేదు.

ఫిబ్రవరి 13, మంగళవారం

ఈ రాత్రి అక్షరాలు బాగా లేవు. అయినా వరసగా రాస్తాను.

నేను వెళ్ళేసరికి బ్రెడ్డు బట్టీ మూల కిక్కిరిసి ఉంది. గోడలెక్కారు, కిటికీల్లో వేలాడుతున్నారు. గార్నెట్ ఎర్ర పట్టులో వచ్చాడు. భుజాన కర్ర, కర్రకు కాన్‌రాడ్ టోపీ. అది నియమమే. గెలుచుకున్నదాన్ని పందెంలోకి తేవాలి. దుమ్ము దులిపి తెచ్చాడు, అంతవరకు సంతోషం.

నెరిస్సా ఈల వేసింది. ఆ ఈలకు బట్టీ కప్పు మీది పావురాలన్నీ లేచాయి.

గార్నెట్ మొదలుపెట్టాడు. "తప్పుకో, ఈగ కాలిగోరంత దానా. నేను ఒక్కసారి తుమ్మితే ట్రినిడాడ్ నుంచి టొబాగో ఊడి సముద్రంలో పడింది. విసుగొచ్చి ఉమ్మితే తారు సరస్సు అయింది. మా అమ్మను అమ్మి ఉరుమును కొన్నాను. మా నాన్నను వంచి కొడవలి చేసుకున్నాను."

జనం ఊగిపోయారు. వాడికి భాష ఎవరు నేర్పారో చెప్పనవసరం లేదు.

నెరిస్సా వస్త్రం విదిలించింది. "నోరు ముయ్యి, దువ్వెన పళ్ళలో ఇరుక్కున్న చుండ్రూ. నేను పుట్టిన పూట సముద్రం ఏడు మైళ్ళు వెనక్కి జరిగింది. ఓడలు బురదలో బోర్లాపడి ఏడ్చాయి. మా అమ్మ జోల పాడితే ఆ పాటను మింగి, పాడిన గొంతును దిండు చేసుకుని పడుకున్నాను. మా నాన్నను మడిచి జేబురుమాలు చేసుకున్నాను. మా మేనమామను ఊది బెలూను చేసి వెనిజులా మీదికి వదిలాను."

ఎక్కడ ఊపిరి పీల్చాలో అక్కడే పీల్చింది. నా పక్కన ఫిలొమినా నా మోచెయ్యి నలిపేస్తోంది. నేను పెదవులు కదుపుతున్నానని ఆమే చెప్పింది. నేను గమనించలేదు.

అలా మూడు వంతులు గడిచాయి. ఎవరూ తగ్గలేదు. అప్పుడు గార్నెట్ మెల్లగా నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు. నాలుగేళ్ళ కిందటిదే.

"అమ్మ అయింది, నాన్న అయ్యాడు. ఇంట్లో ఇంకొకరు మిగిలారే?"

నెరిస్సా తల తిప్పింది. జనంలో నన్ను వెతికి పట్టుకుంది. ముందు వరసలో, తెల్ల టోపీలో, బ్యాగు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాను.

దాని నోరు తెరుచుకుంది. మూసుకుంది. చూపు దాని బూట్ల మీదికి జారింది.

మొదటి ఈల.

నేను నడిచి బరిలోకి వెళ్ళాను. ఎప్పుడు బయలుదేరానో తెలియదు. బట్టీ మూల మొత్తం నిశ్శబ్దమైపోయింది. ఇది కూడా శ్రద్ధ కాదు, భయం. ఇప్పుడు తేడా తెలుస్తోంది.

"నెరిస్సా," అన్నాను, ఆఖరి బెంచీకి వినపడే గొంతుతో. "వెన్ను నిటారుగా. గడ్డం పైకి. ఎవరో అందిస్తే తప్ప చెప్పలేవా? ఇంత వయసొచ్చింది, ఒక్క ముసలిదాన్ని చంపడం చేతకాదా?"

రెండో ఈల.

అప్పుడు నేను కళ్ళజోడు తీశాను. డబ్బాలో పెట్టి, డబ్బా బ్యాగులో పెట్టాను. అది లేకపోతే నాకు చేతి వేళ్ళు కూడా కనబడవు. నెరిస్సాకు ఆ సంగతి తెలుసు. ఎదురుగా నల్లటి మసక, ఎర్రటి మసక. ఎవరి ముఖమూ లేదు.

నల్లటి మసక పెద్దదైంది.

"చూడండి," అంది ఒక గొంతు. దాన్ని నేను ఇంతకు ముందెప్పుడూ వినలేదు. "ఈ వీధికి అక్షరాలు నేర్పిన ముసలిది. ఈవిడ చూస్తే గడియారాలు లేచి నిలబడేవి. ఈవిడ గొంతు సవరించుకుంటే కోడిపుంజులు తప్పు దిద్దుకుని మళ్ళీ కూసేవి. అలాంటిదాన్ని నాకు ఆరేళ్ళప్పుడు చెవి పట్టుకుని బెంచీ ఎక్కించాను. ఒంటికాలి మీద నలభై ఏళ్ళు నిలబెట్టాను. ఎండలో ఆరబెట్టాను. రోట్లో పోసి సుద్దపొడి చేశాను. ఆ పొడిని ముద్ద చేసి, ఆ సుద్దముక్కతో ఆకాశమంత నల్లబల్ల మీద నా పేరు రాసుకున్నాను. రాత్రిపూట మీరు నక్షత్రాలనుకుంటున్నది నా పేరు రాస్తుంటే రాలిన మా అమ్మమ్మను."

నేను రోడ్డు మీద కూర్చున్నాను. కాళ్ళు చాపుకుని, నడిరోడ్డు మీద, అందరి ముందు. కూలబడాలని ఎవరూ చెప్పలేదు. చచ్చినవాళ్ళు నిలబడటం బాగుండదు కదా.

ఆ కేకలు కొండ మీదివాళ్ళకు కూడా వినపడి ఉంటాయి.

ఇక గార్నెట్ వంతు. ఇంతకు మించినది చెప్పాలి. నన్ను ఇంకా ఘోరంగా చంపితే గానీ వాడికి దారి లేదు. మసకలోనే చూశాను, వాడు రొమ్ము విరుచుకుని ముందుకు వచ్చాడు, నా మీదికి వంగాడు, చెయ్యి ఎత్తాడు.

"పొడి చేస్తే సరా, పిల్లకాకీ. నేను ఈ టీచర్... ఈ టీచర్ గారిని..."

అంతే.

"గారు!" అని ఎవరో అరిచారు. బట్టీ మూల మొత్తం అందుకుంది. "గారు! గారు! గారు!" ఉక్కు డ్రమ్ములవాళ్ళు దానికి తాళం కూడా కట్టేశారు. గార్నెట్ మళ్ళీ నోరు తెరిచాడు, మళ్ళీ "టీచర్ గా..." అన్నాడు, ఇక తనే నవ్వాపుకోలేక మోకాళ్ళ మీద పడిపోయాడు. నెరిస్సా తీరిగ్గా మూడు ఈలలు వేసింది.

వాడు తన టోపీ తీసి నేలమీద పెట్టాడు. "పిల్లకాకి గెలిచింది. టీచర్ గారూ, లేవండి, బట్టలకు మట్టి అవుతుంది."

నెరిస్సా వాడి టోపీ ముట్టుకోలేదు. కర్రకున్న కాన్‌రాడ్ టోపీ తీసుకుంది. తలమీద అట్ట టోపీ విసిరేసి అది పెట్టుకుంది. తర్వాత నేరుగా వచ్చి శవపేటిక పెట్టె నా ముక్కు కింద పెట్టింది.

"తియ్యి, ముసలిదానా."

ఫిలొమినా ఊపిరి బిగబట్టడం వినిపించింది. నేను బ్యాగు తెరిచి, చేతికి తగిలిన నోటు పెట్టెలో వేశాను. ఎంతదో కనబడలేదు. లెక్కల పుస్తకంలో ఈ రోజు పేజీ ఖాళీగా వదిలేశాను.

చేతులు పట్టుకుని లేపుతూ నా చెవిలో అడిగింది: "పదికి ఎంత?"

కాస్త ఆలోచించాలన్నాను. గొంతు పోయింది. ఎప్పుడు అరిచానో గుర్తులేదు.

ఫిబ్రవరి 14, విభూది బుధవారం

దగ్గు కాదు. నన్ను చూసి ఆగిపోయాడు.

పొద్దున్నే టోపీకి ఊడిన మూడు కుచ్చులూ కుట్టాను. హాల్లో, ఆయన కుర్చీ పైన మేకుకు తగిలించాం. నెరిస్సా మందుల షాపుకు వెళ్ళే ముందు తెల్లకోటులో దాని కింద నిలబడి జనానికి మొక్కినట్టు రెండుసార్లు వంగింది. "పదికి తొమ్మిదిన్నర," అన్నాను. అర ఎందుకు తగ్గిందని గేటు దాకా పోట్లాడింది. నేను పాఠాలు చెప్పింది నలభై ఏళ్ళు కాదు, నలభై ఒకటి.

చర్చికి వెళ్ళాను. సెలూన్ ముందు గార్నెట్ ఊడుస్తున్నాడు, చేతిలో చీపురుతోనే వంగి దండం పెట్టాడు. నేను చెయ్యి ఊపాను.

లోపల నా వెనక వరసలో పిల్లలెవరో గుసగుసలాడుకున్నారు: "ఆవిడే, సుద్దపొడి ఆవిడ." తిరిగి చూడలేదు. వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను.

నా వంతు వచ్చింది. ఫాదర్ నుదుట బూడిద రాస్తూ, "నీవు మట్టివని జ్ఞాపకం ఉంచుకో," అన్నారు.

మట్టి కాదు ఫాదర్, సుద్ద అని దిద్దబోయి, ఊరుకున్నాను.